బ్లాస్టర్ కంప్రెషన్, అమ్మ బీపీ మిషన్

పోయినేడాది ఫిబ్రవరిలో, బయట మోకాలి లోతు మంచు ఉండగా, నేనొక 2003 మోడల్ యమహా బ్లాస్టర్ కొన్నాను. తొమ్మిది వందల డాలర్లు. ఇంట్లో మాత్రం ఆరు వందలని చెప్పాను.

తెలియనివాళ్లకి: బ్లాస్టర్ అంటే నాలుగు చక్రాల ఏటీవీ, రోడ్డు లేని చోట నడుపుకునే బండి. 195 సీసీ, సింగిల్ సిలిండర్, టూ స్ట్రోక్, గాలికి చల్లబడే ఇంజన్, ఆరు గేర్లు, కిక్ తప్ప సెల్ఫ్ లేదు. 1988 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్మారు. మన ఆర్‌ఎక్స్ 100 సరిగ్గా 98 సీసీ కాబట్టి ఇది దానికి రెట్టింపన్నమాట. స్టార్ట్ చేస్తే వచ్చే ఆ టూ స్ట్రోక్ పొగ వాసనకి నేను నేరుగా తెనాలిలో ఇంటర్ చదివే రోజుల్లోకి వెళ్లిపోయాను, బేరం చెయ్యకుండా డబ్బులిచ్చేయడానికి అదే కారణం. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి పడమటి వైపు. మియర్స్ అనే చిన్న ఊరి దగ్గర సిల్వర్ లేక్ ఇసుక దిబ్బలున్నాయి, ఏప్రిల్ 1న బండ్లకి గేటు తెరుస్తారు. ఆ రోజుకి బండి సిద్ధంగా ఉండాలన్నది నా ప్లాను.

అమ్మినాయన ఇంటికి వెళ్లేసరికి బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. సిలిండర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అప్పుడే నాకు వెలగాల్సింది, నేను రాకముందే ఆయన దాన్ని వేడి చేసి ఉంచాడని. పాత టూ స్ట్రోక్ బండి కొనేవాళ్లెవరైనా ముందు ఇంజన్ ముట్టుకోండి, చల్లగా లేకపోతే టీ తాగొస్తానని చెప్పి ఒక గంట ఆగి రండి. ఇంటికి తెచ్చాక మర్నాడు పొద్దున చోక్ లాగి కొడితే ఇరవై అయిదో కిక్కుకో ముప్పయ్యో కిక్కుకో అంటుకుంది. అంటుకున్నాక కూడా నాలుగో గేరు దాటితే లాగదు, పది నిమిషాలు నడిపి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు: యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ వెంటనే దిగేది కాదు, రెండు మూడు సెకన్లు అరుస్తూనే ఉండి ఆ తర్వాత నెమ్మదిగా దిగేది. ఐడిల్ స్క్రూ కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టేశాను. అసలు సంగతంతా అక్కడే ఉందని తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

మొదటి రెండు వారాలు కార్బొరేటర్ మీద తగలేశాను. విప్పడం, జెట్లు (పెట్రోలు వచ్చే సన్న కన్నాల బిళ్లలు) ఊదడం, బిగించడం, మళ్లీ విప్పడం. మూడుసార్లు. కొత్త ప్లగ్గు వేశాను. మెయిన్ జెట్ మార్చాను. గ్యారేజీలో చలికి పెట్రోలు తగిలిన వేళ్లు కొయ్యబారిపోయేవి. ఒక ఆదివారం నాన్న వీడియో కాల్‌లో ఉండగా ఫోను టూల్ బాక్సు మీద నిలబెట్టి నా పని నేను చేసుకుంటున్నాను. నాన్న ఇరవై ఏళ్లు చేతక్ నడిపిన మనిషి.

"ఏరా, స్విచ్చి ఆపేసి కిక్కు చేత్తో నొక్కి చూడు" అన్నారు.

నొక్కాను. దిగిపోయింది. గట్టిగా నొక్కింది కూడా లేదు, అరచేతి బరువుకే.

"ఎక్కడా ఆగట్లేదా?"

"ఒకచోట కొంచెం బిగువు తగిలింది నాన్నా, అంతే."

"అయితే ఇంక కార్బొరేటర్ జోలికి పోకు. కంప్రెషన్ పోయింది. బోరు కొట్టించాల్సిందే. చేతక్‌కి రెండుసార్లు కొట్టించాం, నీకు గుర్తుందా?"

కంప్రెషన్ అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి, బోరు కొట్టించడమంటే అరిగిన సిలిండర్‌ని లోపల కొంచెం పెద్దది చేయించి దానికి సరిపోయే పిస్టన్ వెయ్యడం. నాకు గుర్తున్నది మెకానిక్ బాబాయ్ చేతికంటిన నల్లటి గ్రీజు మాత్రమే. కానీ నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, చేత్తో నొక్కి తేల్చేస్తే ఎలా, అంకె కావాలి. ఆటో పార్టుల షాపులో డిపాజిట్ కట్టించుకుని కంప్రెషన్ గేజ్ అద్దె లేకుండా ఇస్తారు, అది తెచ్చుకున్నాను.

పద్ధతి తేలికే. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో గేజ్ గొట్టం మర బిగించాలి. విప్పిన ప్లగ్గుని క్యాప్‌లోనే ఉంచి, దాని లోహం హెడ్‌కి (సిలిండర్ మీది మూతకి) ఆనేలా పెట్టాలి, ఎర్త్ లేకుండా స్పార్కుని గాల్లో వదిలేస్తే ఇగ్నిషన్ బాక్సుకి మంచిది కాదు. కిల్ స్విచ్చి ఆఫ్‌లో ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకోవాలి, ఎందుకంటే కార్బొరేటర్ మూసి ఉంటే ఇంజన్‌కి పీల్చుకోవడానికి గాలే దొరకదు, ఉన్నదాని కంటే అంకె తక్కువ వస్తుంది. అప్పుడు ముల్లు ఇంక కదలనంత వరకు కిక్కులు కొట్టాలి, ఏడెనిమిది సరిపోతాయి.

నాకు వచ్చింది 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లని). ఆరోగ్యంగా ఉన్న బ్లాస్టర్‌కి 120 అటూ ఇటూ రావాలి. నూటికి తగ్గితే స్టార్టింగ్ కష్టం, తొంభైకి తగ్గితే విప్పాల్సిందే. 70 అంటే మరి ఈ బండి అసలు ఎలా నడుస్తోంది? టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పిస్టన్ కింద తిరిగే ఇరుసు, క్రాంక్, దాకా పోయిందేమోనని. మర్నాడు ఆ గేజ్‌ని తీరిగ్గా చూస్తే విషయం అర్థమైంది. కారుకి వాడే గేజ్ అది, గొట్టం మూరెడు పొడవు, గాలి వెనక్కి పోకుండా ఆపే చిన్న వాల్వు గేజ్ దగ్గర ఉంది తప్ప ప్లగ్గు దగ్గరి కొసలో లేదు. అంటే పిస్టన్ నొక్కే గాలి ప్రతిసారీ ఆ గొట్టం ఖాళీని కూడా నింపాలి. పెద్ద కారు ఇంజన్‌కి ఆ కొంచెం ఖాళీ లెక్కలోకి రాదు గానీ 195 సీసీ ఇంజన్ హెడ్‌లో ఉండే జాగా ఎంతని? అదీ కాక చలికి మందమైన ఇంజన్ మీద, బద్ధకంగా కొట్టిన కిక్కులతో చూశాను. వాల్వు కొసలో ఉన్న గేజ్ ముప్పై అయిదు డాలర్లు పెట్టి కొని, బండిని కాసేపు నడిపి వేడి చేసి మళ్లీ చూస్తే 92. యాక్సిలరేటర్ వదిలేసి ఊరికే ఒకసారి చూశాను, 78 వచ్చింది. ఒకే ఇంజన్, మూడు అంకెలు. మీ బండికి ఎంత వచ్చిందని ఎవరైనా అడిగితే ఏ గేజ్‌తో, ఎలా చూశారని ముందు అడగడం నాకు అప్పట్నుంచి అలవాటైంది.

92 కూడా మంచి అంకె కాదు. నాన్న చేత్తో నొక్కించి చెప్పింది కరెక్టే. కానీ గాలి ఎటు పోతోంది?

ఇక్కడ టూ స్ట్రోక్‌లో ఒక సుఖం ఉంది. ఫోర్ స్ట్రోక్ అయితే వాల్వులు, వాటి సీట్లు అంటూ సగం దారులు అటే. దీనికి హెడ్‌లో వాల్వులే లేవు. పోతే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్, బోరు పక్క నుంచి పోవాలి, లేదా హెడ్ కింద సందు మూసే గ్యాస్కెట్ నుంచి, లేదా ప్లగ్గు మర నుంచి, మరీ దురదృష్టమైతే హెడ్ పగులు నుంచి. ప్లగ్గు కన్నంలో టీ చెంచాడు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకి వాడేది) పోసి నాలుగు కిక్కులు ఊరికే కొట్టి మళ్లీ గేజ్ పెట్టాను. 118. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూసింది కాబట్టి పెరిగింది, అంటే లీకు రింగుల దగ్గరే. ఎక్కువ పొయ్యకండి, పోసిన ఆయిలే హెడ్‌లో జాగా ఆక్రమించి అంకెని దొంగగా పెంచేస్తుంది. హెడ్ అంచు చుట్టూ సబ్బు నీళ్లు కొట్టి కిక్కు కొడితే బుడగ రాలేదు. గ్యాస్కెట్ బాగానే ఉంది.

హెడ్ విప్పకముందే లోపల ఏముందో చూసే ఉపాయం ఒకటుంది. సైలెన్సర్ పైపు ఊడదీసి, ఎగ్జాస్ట్ కన్నంలోంచి టార్చి వేసి, కిక్కుని చేత్తో మెల్లగా దింపుతూ ఉంటే పిస్టన్ ముఖం పైకీ కిందకీ పోతూ కనిపిస్తుంది. నా పిస్టన్ మీద నిలువు గీతలు. సన్నటి చారలు కావు, గోరు పెడితే తగిలేంత లోతు. పై రింగు ఒకచోట మెరవకుండా మసగ్గా ఉంది. పుల్లతో నొక్కితే మిగతాచోట్ల లోపలికి నొక్కుకుని మళ్లీ బయటికొస్తోంది, అక్కడ మాత్రం కదల్లేదు. పిస్టన్ అల్యూమినియం కరిగి రింగు గాడి మీదకి పూసుకుపోయింది, రింగు అతుక్కుపోయింది. అంటే ఈ బండి ఎప్పుడో ఒకసారి సీజయింది (పిస్టన్ వేడికి సిలిండర్‌లో పట్టేసింది), చల్లారాక విడింది, ఆయన దాన్ని నడిపి నడిపి నాకు అమ్మాడు.

అప్పుడు నేను పిస్టన్ కిట్ ఆర్డర్ పెట్టేసేవాణ్ణే. పెట్టేసి, బోరు కొట్టించి, బిగించేసి ఏప్రిల్ 1న ఇసుకలో ఉండేవాణ్ణి, ఏప్రిల్ 2న మళ్లీ సీజయ్యేది. నన్ను ఆపింది ఆ గీతలున్న చోటు. ఇంజన్ వేడెక్కకముందే ఎడాపెడా లాగేస్తే పిస్టన్ ముందు ఉబ్బి, బోరు ఇంకా ఉబ్బక, నాలుగు మూలలా గీతలు పడతాయి. ఇక్కడ గీతలు ముఖ్యంగా ఎగ్జాస్ట్ వైపు ఉన్నాయి, అది ఇంజన్‌లో ఎక్కువ వేడి తగిలే వైపు. హెడ్ విప్పాక పిస్టన్ నెత్తి చూస్తే టీ రంగు మసి ఉండాల్సింది, తెల్లగా పాలిపోయి ఉంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. మరి జెట్ సైజు సరిగ్గానే ఉంది, కార్బొరేటర్ మూడుసార్లు కడిగింది నేనే. ఆ ఎక్కువ గాలి ఎక్కడి నుంచి వస్తోంది? యాక్సిలరేటర్ వదిలినా దిగని ఆ అరుపు అప్పుడు గుర్తొచ్చింది.

టూ స్ట్రోక్ ఇంజన్‌కి కింద క్రాంక్ ఉండే గది కూడా గాలి చొరకుండా ఉండాలి, పెట్రోలు గాలి కలిసిన మిశ్రమం పైకి పోయేది అందులోంచే. దానికి రెండు పక్కలా క్రాంక్ సీల్స్, అంటే సందు మూసే రబ్బరు చక్రాలు, ఉంటాయి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి తెల్ల పొగ కక్కుతుంది కాబట్టి ఎవరికైనా తెలుస్తుంది. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీల్ పోతే ఉత్త గాలి లాగుతుంది. పొగ రాదు, చుక్క కారదు. కంప్రెషన్ గేజ్‌లోనూ దాదాపు కనపడదు. కనపడేదల్లా అది చంపిన పిస్టన్.

దాన్ని పట్టుకోవాలంటే ఇంజన్‌ని నలువైపులా మూసి లోపలికి గాలి కొట్టి నిలుస్తుందో లేదో చూడాలి. 6 పీఎస్ఐ పెట్టాలి, నిమిషానికి 1 పీఎస్ఐ కంటే పడకూడదు అన్నది అందరూ వాడే లెక్క. అంతకు మించి కొడితే సీల్స్‌కే చేటు. దానికి కిట్లు అమ్ముతారు గానీ అప్పటికే నా లెక్కలు మా ఆవిడ దృష్టిలో పడుతున్నాయి. అటకలాంటి అలమరలో వెతుకుతుంటే అమ్మ బీపీ మిషన్ కనపడింది, చేత్తో పిసికే రకం. అంతకుముందు వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చుకుని వెళ్లేటప్పుడు మర్చిపోయింది. దాని గడియారం 300 దాకా ఉంటుంది. 300 మిల్లీమీటర్ల పాదరసం అంటే 5.8 పీఎస్ఐ. కావాల్సింది దాదాపు అంతే! పిసికే రబ్బరు బుడ్డి, గడియారం, గాలి వదిలే చిన్న మర, అన్నీ ఒకే చోట.

ఎగ్జాస్ట్ కన్నానికి ప్లంబర్లు వాడే రబ్బరు బిరడా, మధ్యలో బోల్టు తిప్పితే ఉబ్బి బిగుసుకునేది, నాలుగు డాలర్లు. కార్బొరేటర్ కూర్చునే రబ్బరు గొట్టానికి ఇంకో బిరడా, దానికి కన్నం పెట్టి పాత సైకిల్ ట్యూబు వాల్వు దూర్చి, దానికి బీపీ మిషన్ గొట్టం తగిలించాను. అప్పటికే విప్పిన హెడ్‌ని పాత గ్యాస్కెట్‌తోనే మళ్లీ బిగించాను, ప్లగ్గు పెట్టాను. పిస్టన్ పూర్తిగా కిందకి దింపి ఉంచాను, అలా ఉంటే పై గది కింద గది కలిసిపోతాయి కాబట్టి రింగులు పోయినా ఈ పరీక్షకి అడ్డం రాదు. పిసికాను. 300. చెయ్యి వదిలాను. ముల్లు చూస్తుండగానే 250, 200, నిమిషం తిరిగేసరికి 90. సబ్బు నీళ్లు రీడ్ వాల్వు (కార్బొరేటర్ నుంచి గాలిని లోపలికే పోనిచ్చే రెక్క) చుట్టూ కొట్టాను, లేదు. సిలిండర్ అడుగున, లేదు. బిరడాల చుట్టూ కూడా చూశాను, అవి పర్లేదు. ఎడమ వైపు మూత విప్పి మాగ్నెట్ వెనక సందులోకి కొట్టాను. ఒక క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత పాలు పొంగినట్టు నురగ మెల్లగా బయటికి వచ్చింది. దొరికావురా అని గట్టిగానే అన్నాను, లోపల్నుంచి ఎవరితో మాట్లాడుతున్నావని మా ఆవిడ అరిచింది.

పుల్లర్ వేసి మాగ్నెట్ లాగితే సీల్ కనిపించింది. గోటితో నొక్కితే రబ్బరులా లేదు, బేక్‌లైట్ ముక్కలా ఉంది, పెదవి దగ్గర పగిలి. దాని వయసు ఇరవై దాటింది, ఎన్నో శీతాకాలాలు ఏ షెడ్డులోనో కదలకుండా పడి ఉండుంటుంది, దాన్ని అనుకోడానికేం లేదు. క్రాంక్ షాఫ్ట్‌కి గీత పడకుండా పీకడానికి గంట పట్టింది, కొత్తది నూనె రాసి కూర్చోబెట్టడానికి అయిదు నిమిషాలు.

ఇక మిగతాది తెలిసిన పనే. పాత పిస్టన్ నెత్తి మీద మసి గీకితే 66.50 అని ఉంది, అంటే 66 మిల్లీమీటర్ల ఒరిజినల్ బోరుని ఎవరో అప్పటికే ఒకసారి కొట్టించారు. మా దగ్గరి మెషిన్ షాపు పెద్దాయన కొలిచి 66.75కి గీత మొత్తం పోదు, 67కి వెళ్లాలన్నాడు. సరే కొట్టేయండి అంటే ఒప్పుకోలేదు. పిస్టన్ చేతికిస్తే దాన్ని కొలిచి దానికి తగ్గట్టు కొడతానన్నాడు, ఆయన అన్నదే సరి. పోర్టుల (సిలిండర్ గోడకుండే కన్నాల) అంచులు మొద్దు చెయ్యమని అడగడం మర్చిపోకండి, బోరు కొట్టాక ఆ అంచులు కత్తిలా ఉంటాయి, రింగు తగిలిందంటే విరుగుతుంది. తెచ్చిన సిలిండర్‌ని వేడి నీళ్లు, గిన్నెల సబ్బుతో తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా కడిగాను, వెంటనే ఆయిల్ రాశాను, లేకపోతే చూస్తుండగానే తుప్పు పడుతుంది. రింగుని బోరులో పెట్టి పిస్టన్‌తోనే సమంగా నెట్టి కొసల మధ్య ఖాళీ కొలిస్తే 0.30 మిల్లీమీటర్లు. బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు, రింగు కొసలు గాడిలోని పిన్ను దగ్గరకి. పిన్ను క్లిప్పు పెట్టేటప్పుడు క్రాంక్ నోట్లో గుడ్డ కుక్కండి. నేను కుక్కాను కాబట్టి చెబుతున్నా, రెండో క్లిప్పు టింగుమని ఎగిరి ఆ గుడ్డ మీదే పడింది.

బిగించాక గాలి పరీక్ష మళ్లీ చేశాను. 300 పెట్టి టీ పెట్టుకుని వచ్చేసరికి, ఆరేడు నిమిషాలయ్యుంటుంది, 280 మీద నిలబడి ఉంది. పాతాయన ఆయిల్ పంపు తీసేశాడు కాబట్టి పెట్రోల్లో కలపాలి, 32కి 1, అంటే గ్యాలన్‌కి నాలుగు ఔన్సులు, మన బంకుల్లో లూనాకి కొలపాత్రతో పోసినట్టే. మూడో కిక్కుకి అంటుకుంది. యాక్సిలరేటర్ వదలగానే టక్కున దిగింది, ఆ చప్పుడు కోసం నాలుగైదుసార్లు ఊరికే నొక్కి వదిలాను. మొదటి రోజు కంప్రెషన్ 112, రెండు ట్యాంకులు మెల్లగా నడిపి రింగులు సర్దుకున్నాక 126. ఏప్రిల్ 1 దాటిపోయింది, దిబ్బల మీదకి వెళ్లింది నెలాఖరుకి, నారింజ జెండా కట్టుకుని.

రిపేరు ఖర్చు గేజ్‌తో కలిపి మూడు వందల చిల్లర. ఇంట్లో చెప్పిన ఆరు వందలకి అది కలిపితే నేను మొదట్లో ఇచ్చిన తొమ్మిది వందలకి దాదాపు సరిపోయింది కాబట్టి ఆ విషయం అక్కడితో వదిలేశాను. నాన్నకి ఫోన్ చేసి చెబితే "నేను చెప్పాగా బోరు పోయిందని" అన్నారు, సీల్ సంగతి వినిపించుకోనే లేదు. అమ్మ మేలో మళ్లీ వచ్చింది. వచ్చిన మర్నాడే బీపీ మిషన్ తీసి చేతికి చుట్టుకుని, బుడ్డి పిసుకుతూ ఆగి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏంట్రా ఇది, పెట్రోలు కంపు కొడుతోంది?"

కొత్తది కొనిచ్చాను. పాతది ఇప్పుడు టూల్ బాక్సులోనే ఉంటోంది.